తోకలేని బుడగ

గేట్ బజార్ సందులో మా జిరాక్స్ కొట్టు.
రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు సగం దించి
మెషీను వేడి చల్లారకముందే
నిరాకార్ గీసిన కాయితాలు లోపలికి తోస్తాను.
పచ్చటి వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకి
మమ్మల్ని కూడా ఒకసారి చదివి వెళ్తుంది.

పేరు చూడండి, నిరాకార్.
వాడు గీయని ఆకారం లేదు:
పట్టుచీరల షాపులో బొమ్మకి చీర చుట్టే దండాసి,
వాడి డ్యూటీ దిగేదాకా ఎదురు కొట్లో
గంటన్నర ఒకే టీ తాగే ఫిరోజ్,
ఆ టీలో మునిగి విరిగిపోయిన బిస్కెట్టు.
బిస్కెట్టుకి విడిగా ఒక గడి.
దండాసి వచ్చాడు, పదో గడిలో, చెప్పు తెగి.

బొమ్మ వాడిది, మాట నాది.
తాత అప్పుల పద్దు చూసి నేర్చుకున్న తెలుగు రాత నాది.
మా బరంపురం వీధిలో తెలుగు నోటికుంది, కంటికి లేదు.
అదే మా ధైర్యం.
పదిహేను కాపీలు తీస్తే
ఆరు ఇచ్ఛాపురం పాసింజరెక్కుతాయి,
రెండు పలాసలో ఎవరో ముఖం తెలియని మాస్టారికి.
మిగిలినవి ఇక్కడే, ఎవరి చేతిలో పడినా
బుడగలు పగలవనుకున్నాం.

ముద్దు దగ్గర పేచీ వచ్చింది.
ఒక గడిలో హెల్మెట్ తీస్తున్నారు.
పక్క గడిలో గోపాల్‌పూర్ లైట్‌హౌసు, అంతే.
మధ్యన అర వేలెడు తెలుపు.
"ముద్దేదిరా?"
"ఆ తెలుపులో ఉంది."
"పది రూపాయలిచ్చినోడికి తెల్లకాయితం అమ్ముతావా?"
"గీస్తే వాళ్ళదైపోద్ది," అన్నాడు, పెన్సిలు చెక్కుతూ.

ఠాకురాణి జాతరకి నాకు పులివేషం మొక్కు.
చారలు వాడే వేశాడు.
పట్టపగలు, నడివీధిలో, మా మేనమామ ఎదురుగా
మెడ కింద మొదలెట్టి నడుం దాకా
పసుపు, నలుపు, పసుపు.
"ఖాళీ వదలకురా, బాగా రాయ్" అన్నాడు మామయ్య.
వదల్లేదు.
ఆ పేజీకి మాట రాయలేకపోయాను.
పులి మాటాడదని వంక పెట్టాను.

అమ్మ అప్పడాలు ఆరేసే కాయితాల్లో
ఒకనాడు మూడో సంచిక కలిసిపోయింది.
మేడ మీద ఎండలో, ఇంగువ వాసనేస్తూ,
మా ఒక్కో గడి మీద ఒక్కో అప్పడం.
అమ్మకి తెలుగు చదవడం రాదు,
చెవులు చదవడం వచ్చు.
"ఈ గుంటడి చెవి నీదేరా."
నేను అప్పడాలు లెక్కపెడుతున్నాను.
"మరీ రెండోవోడు? మనింట పఖాళ తినెల్తాడే, ఆడేటి?"
ముప్పైనాలుగు, ముప్పైఅయిదు.
"తన్ని తాను సన్నంగా గీసుకున్నాడు. అంత సన్నం కాడు."
పిండి చేతులు కొంగుకి తుడుచుకుని
"మా ఊళ్ళో ఇద్దరు గుంటలిలాగ తిరిగితే
నేస్తం కట్టించీసేవోరు.
బట్టలెట్టీవోరు. ఆ మీదట ఒకడి పేరు ఒకడు పిలవకూడదు"
అని కాయితం దులిపి మళ్ళీ పరిచింది.
బొమ్మ ఎండ వైపు పెట్టిందో సిమెంటు వైపు పెట్టిందో
మెట్లు దిగాక గాని
చూడాలని తోచలేదు నాకు.

ఇవాళ నాలుగో సంచిక చివరి పేజీ.
సగం దించిన షట్టరు కింద నాలుగు పాదాలు.
పైన ఒక ఖాళీ బుడగ.
"తోక మరిచావు," అన్నాను.
"మరవలేదు."
"మరి మాటెవరిది?"
మెషీను మీద ఇంకు అయిపోవస్తోందని ఎర్రదీపం.
పెన్ను మూత పంటితో లాగి
నేస్తం, అని రాశాను.
సున్నా కొంచెం పెద్దదైంది.

అప్పటినుంచి వాడిని ఓయ్ అంటున్నాను.
పైన రెండుసార్లు పేరు చెప్పేశాను,
లెంపలేసుకున్నాను.
కొట్టేస్తే మరక కనబడుతుంది. ఉండనీ.