మూడో ఓనరు

సంతనూతలపాడులో, గొడ్ల కొట్టం వెనక
గడ్డివాము పక్కన ముందు సైలెన్సర్లు బయటపడ్డాయి, రెండు.
తర్వాత ట్యాంకు.
తర్వాత ఒక కోడి, గుడ్ల మీంచి లేచి తిట్టుకుంటూ.
యెజ్డీ. కిక్కూ గేరూ ఒకే రాడ్డున్న బండి.
సువార్తమ్మ అంది:
"ఇనప కొట్టోడు కిలోల లెక్క చెప్పాడు.
నువ్వు బండి లెక్క చెప్పు."
ఆరు వేలు చెప్పాను.

చీమకుర్తిలో రాళ్ల మీద పేర్లు చెక్కుతాను నేను.
ఆమె భర్త పాలపర్తి జెకర్యా రాయి చెక్కిందీ నేనే.
గెలాక్సీ నలుపు, రెండడుగులు,
"ప్రభువునందు నిద్రించెను", కింద తారీకు.
ఒక్క పూట పని.
ఒంగోలు రవాణా ఆఫీసు కంప్యూటర్లో మాత్రం
జెకర్యా ఇంకా మెలకువగానే ఉన్నాడు.

సి బుక్కు బియ్యం డబ్బాలో దొరికింది.
పురుగు తిన్నది పోను మిగిలిన పేజీలో
ఎర్ర సిరా ముద్ర, ఎవరో ఫైనాన్స్ వారికి తాకట్టని.
కర్నూలు రోడ్డంతా వెతికితే
ఆ మేడ కింద ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు,
పైన పళ్ల ఆస్పత్రి.
అప్పు తీరిందో లేదో ఎవర్నడగాలి?
డాక్టరు నోరు తెరవమన్నాడు.
చివరికి అప్పిచ్చినవాళ్లే లేరని
నోటరీ కాయితం మీద ప్రమాణం చేశాం.

ఏజెంటు కాలేషా వేళ్లు మడిచాడు:
"మనిషికైతే ఉన్నాడు, పోయాడు, రెండే అన్నా.
బండికి చానా ఉంటాయి.
నడిచేది, గడువు దాటింది, తాకట్టులో ఉన్నది,
ఎన్‌వోసీ తీసుకుని బయల్దేరి ఏ జిల్లాకీ చేరంది,
కేసులో ఇరుక్కుని స్టేషను గోడకి ఆనుకున్నది,
తుక్కు కింద రద్దయింది.
రద్దయితే దేవుడొచ్చినా లేపలేడు.
నీది గడువు దాటింది, అంతే. అదృష్టవంతుడివి."

చాసిస్ నంబరు స్టీరింగు మెడ మీద,
మూడు రంగుల కింద, ఆ కింద తారు.
కిరసనాయిలు గుడ్డతో తుడిచి
పల్చటి కాయితం పరిచి పెన్సిలుతో రుద్దాను.
అంకెలు ఒక్కొక్కటే తెల్లగా లేచాయి,
నాలుగోది తప్ప.
మూడో, ఎనిమిదో.
ఒక పక్కంతా తుప్పు కొరికేసింది.

కాలేషా గొంతు తగ్గించాడు:
"నీ చేతిలో ఉలి ఉంది గదన్నా.
బుక్కులో ఎనిమిదే. చేసెయ్."

చేయగలను.
పుట్టిన ఏడు మార్చి చెక్కమని అడిగినవాళ్లున్నారు, చెక్కాను.
రాయి మీద అబద్ధాన్ని ఎవరూ టార్చి వేసి చూడరు.
ఎందుకో ఈ ఇనుము దగ్గర చెయ్యి ఆగింది.
పైగా జెకర్యా మెలకువగా ఉన్నాడు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరమ్మ టార్చి వేసి చాలాసేపు వంగి చూసింది.
గోరు పెట్టి గీత వెంబడి నడిపింది.
"ఎనిమిదే. పై సున్న పోయింది, కింది సున్న తగుల్తోంది."
హార్ను కొట్టమంది.
హార్ను లేదు.
పెట్టించుకుని రమ్మంది.

ఇంకోటుంది.
పోయిన మనిషి అమ్మలేడంట,
బండి ముందు ఆమె పేరు మీదకెక్కి
ఆ తర్వాతే నా పేరు మీదకి దిగాలంట.
సంతకానికి ముందు సువార్తమ్మ కళ్లజోడు తుడుచుకుంది.
ఇరవై రెండేళ్లు
ఆ బండి వెనక ఒకవైపుకి కాళ్లేసి కూర్చుంది,
చర్చికి, రిమ్స్‌కి, మిరపకోతలకి.
హ్యాండిలు ఒక్కసారన్నా ముట్టనియ్యలేదంట ఆయన.
"నా పేరు మీదకా?" అంది.
కాసేపటికి,
"ఎన్నాళ్లుంటది?"

పదకొండు రోజులుంది.
పన్నెండో రోజు నాకొచ్చిన కార్డులో
చిన్న అచ్చులో ఓనరు వరుస: 3.
ఆమె కార్డు జిరాక్సు లామినేషన్ చేయించి తీసుకెళ్లాను.
జెకర్యా ఫోటో పక్కన మేకు ఖాళీగానే ఉంది,
అక్కడ తగిలించలేదు.
పర్సులో పెట్టుకుంది, ఆధార్ వెనకాల.

బయటికొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది.
వంగి, వేలు పెట్టి, వాసన చూసి,
"కార్బొరేటరు కాడ కారతంది, చూసుకో" అంది
పాత ఓనరు.