బల్ల మీద

'సభ ముందుంచడమైనది' అని
పద్నాలుగు రోజులు
తేమ నిబంధన బల్లమీదే పడుకుంది.
ఎవరూ దుప్పటి లాగలేదు.

గుంటూరు యార్డులో మాత్రం
మొదటి రోజే నిద్ర లేచింది.
టిక్కీకి రెండు కిలోల కోత.
కాటా దానియేలు రాసుకుంటూ
నా మొహం చూడలేదు.

ఏడాదికి కమిటీ వచ్చింది.
తెల్ల చొక్కాలు, ముక్కులకు రుమాళ్లు.
ఒకావిడ మాత్రం రుమాలు తీసి
"చట్టంలో కోత అన్న మాటేదీ?" అంది.
కార్యదర్శి కాగితాలు తిరగేశాడు,
తుమ్మాడు, మళ్లీ తిరగేశాడు.
ఘాటు కాగితాలక్కూడా ఎక్కినట్టుంది.

ఆ కాసేపటి నిశ్శబ్దాన్ని
కాటాకెక్కిస్తే
రెండు కిలోలు తూగేది.

రూలు ఇంకా పోలేదు.
నివేదిక రాస్తారట, సభ ముందుంచుతారట.
తాలుకాయలేరుతున్న సైదమ్మ
తలెత్తకుండానే
"మళ్లీ ఆ బల్లమీదేనా?" అంది.