బి డివిజన్

పరంజ్యోతి మాస్టార్ని తీసేశామని
ఏ క్లబ్బూ మొహాన చెప్పలేదు.
టీ కుర్రాణ్ణి పంపి
విజిల్ తిరిగి ఇమ్మనేవాళ్ళు.

మొదట వించిపేట యూత్. రెండేళ్ళు.
ఐస్ ఫ్యాక్టరీ ప్రెసిడెంటు తన బావమరిదిని
సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించమన్నాడు.
ఆడించారు, పదకొండు నిమిషాలు.
పన్నెండో నిమిషానికి బావమరిదీ మాస్టారూ
ఒకే బెంచీ మీద.
సోమవారానికి బావమరిది ఒక్కడే.

తర్వాత చిట్టినగర్ మిత్రమండలి.
నాలుగు మ్యాచ్‌లు, నాలుగూ డ్రా.
"ఓడలేదుగా" అన్నారు మాస్టారు.
"గెలవలేదుగా" అన్నాడు సెక్రటరీ.
రెండూ నిజమే.
జీతమిచ్చేవాడి నిజం గెలిచింది.

ఆ తర్వాత మేం. రైల్వే క్వార్టర్స్ కుర్రాళ్ళం.
నేను లెఫ్ట్ బ్యాక్‌ని,
కుడికాలితో తప్ప తన్నడం రాని లెఫ్ట్ బ్యాక్‌ని.
"ఎడమ పక్క ఖాళీగా ఉందిరా,
నువ్వూ ఖాళీగానే ఉన్నావు"
అంతే, నా సెలక్షన్.

గోల్‌పోస్టులు సరుగుడు బాదులు.
వల, సీతానగరం రేవులో పల్లెకారుల్ని బతిమాలి
తెచ్చుకున్న చిరుగుల వల.
బంతి తగిలినప్పుడల్లా చేపల వాసన లేచేది.
ఎక్కువసార్లు మా వైపు నుంచే.

మే నెల లీగు. సాయంత్రం నాలుగున్నరకి కూడా
నేల బూరెల మూకుడు.
ఉప్పేసిన మజ్జిగ క్యానుతో వచ్చేవారు,
ఎవడెన్ని గ్లాసులు తాగాడో
ఎర్రట్ట పుస్తకంలో ఎక్కించేవారు
గోల్స్ పక్కనే, అదే సిరాతో.

గుంటూరులో పొగాకు కంపెనీ జట్టు మీద
సగానికే ఆరు తిన్నాం.
ఎవడూ తలెత్తలేదు.
ఆయన బత్తాయి వలుస్తూ
"రెండో సగం ఇంకో మ్యాచ్‌రా,
సున్నా సున్నా నుంచి" అన్నారు.
నమ్మాం. ఒట్టు, నిజంగా నమ్మాం.
ఒక గోలుతో ఓడాం.
తిరుగు ప్యాసింజరు కృష్ణా కెనాల్ దగ్గర
సిగ్నల్ పడక నిలబడిపోతే
ఆయన రాసుకుంటున్నది తొంగి చూశాను:
రెండో సగం సున్నా–ఒకటి. మెరుగు.

ఒక్క ఏడాది ఎ డివిజన్‌కి ఎక్కాం.
మా పైనున్న రెండు జట్లూ తగువు పడి
ఫీజు కట్టలేదు, అందుకని.
అయినా లారీ మాట్లాడి
పటమట దాకా డప్పులతో ఊరేగాం.
మాస్టారు డ్రైవరు పక్కన కూర్చుని
"మెల్లగా పోనీ బాబూ,
దిగేటప్పుడూ ఇదే దారి" అన్నారు.
పై ఏడు దిగాం.

బుడమేరు పొంగినప్పుడు
గోల్‌పోస్టులు కొట్టుకుపోయాయి.
ఒక బాదు, ఎవరిదో వంటపాకకి
నిట్రాడై కనిపించింది.
అడుగుదామంటే వద్దన్నారు:
"అక్కడ బాగా నిలబడిందిరా."

ఇరవై ఆరేళ్ళు, తొమ్మిది జట్లు.
విజిల్ ఒక్కటీ మిగల్లేదు.

మొన్నాదివారం ఏలూరు కాలవ గట్టున కనిపించారు.
పిల్లలెవరో ఆడుకుంటుంటే
రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈలేస్తున్నారు.
ముందు పళ్ళు లేవు, ఉత్త గాలి.
ఎవడూ వినట్లేదు.

"నీ ఎడమ కాలెలా ఉందిరా?" అన్నారు
నన్ను పేరు పెట్టి పిలవకుండానే.
జవాబు వెతుక్కుంటుండగా
బంతి మా వైపే దొర్లింది.

ఎడమ కాలితోనే తన్నాను.
కాలవలో పడింది.
పిల్లలు నన్నూ, నా వయసునీ కలిపి తిట్టారు.

ఆయన మాత్రం కాలవ వైపు చూళ్ళేదు.
కాస్త వంగి,
నా కుడికాలు మట్టిలో ఎక్కడ ఆనిందో
ఆ గుర్తు చూస్తున్నారు.