లోపలి అతుకు

రామాయపట్నం దారిలో మూతబడ్డ హేచరీలో
ఎనిమిది వందలకొచ్చింది ఈ గాజుతొట్టి.
తెల్లమచ్చ తగిలి రొయ్యపిల్లంతా పోయాక
మిగిలిన సామాను తూకానికేస్తా
"దీనికి తూటుండాది, చూసుకో" అన్నాడు దశరథరామిరెడ్డి,
తన మాటలో మోసం లేదని
నాకంటే ముందు తనకే చెప్పుకుంటున్నట్టు.

కావలి దాకా ఆటోలో
రెండు బొంతల మధ్య తొట్టి, నా ఒళ్ళో ఒక కొస.
ప్రతి గతుక్కీ నా పళ్ళే కొట్టుకున్నాయి.

జెరాక్సు మిషను పక్కన దించి
వెలుతుర్లో చూశాను.
అడుగు నుంచి జానెడెత్తున
పైపు కోసం ఎవరో ఓపిగ్గా తొలిచిన గుండ్రం.
పగులు లేదు. వేలు తిప్పితే అంచు నున్నగా తగిలింది.
చెడగొట్టాలని పెట్టిన బొక్క కాదది,
ఒకప్పుడు దానికీ పనుంది.

మా పెద్దమ్మ వజ్రమ్మ వంగి చూసి
"ముక్కుపుడక తీసేసినట్టుండాదే!" అంది.
తన ముక్కు పక్క మచ్చ తడుముకుని
"ఇదైతే పెట్టక పెట్టక పూడింది.
మూడేళ్ళు పట్టింది. ఎవురూ పూడ్చలా.
గాజుకెట్టా పూడుద్ది అబయా,
దానికి ఒళ్ళుందా?"

ఒళ్ళు లేదు గనకే
ఖాజామొహిద్దీన్ పటాల కొట్టుకెళ్ళాను.
కోతల్లో మిగిలిన ముక్కల్లో
అంతే మందం గాజు వెతికి
చదరంగా కోసి, మూలలు రాతి మీద రుద్ది ఇచ్చాడు.
డబ్బులివ్వబోతే
"దేవుడి పటానికి తీసుకుంటా, పెళ్ళి ఫొటోకి తీసుకుంటా,
బొక్కకేం తీసుకునేది పో" అన్నాడు.

మొదటిసారి తెలివితక్కువ పని చేశాను.
చొక్కా చిరుగు మీద మాసికేసినట్టు
బయటి నుంచి అతికించాను.
నాలుగు బిందెలు పోశానో లేదో
నీళ్ళు తూటులోకొచ్చి, అతుకుని భుజంతో నెట్టాయి,
కోపంగా కాదు,
గడియ తీసుకుని బయటికి పోయే మనిషిలాగా.

బ్లేడుతో గీకాను. స్పిరిటుతో తుడిచాను.
తొట్టిని పక్కకి పడుకోబెట్టి
ఈసారి లోపల్నుంచి.
సిలికాన్ గన్ను నొక్కితే సన్నగా తెల్లపాము,
పులిసిన ఊరగాయ జాడీ మూత తీసిన వాసన.
హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లకాయలు ముక్కులు మూసుకున్నారు.
గాజు మీద గాజు పెట్టి అదిమి
బుడగలన్నీ అంచుల దాకా తోలి
పైన రెండు తెల్లకాయితాల కట్టలు బరువుంచాను.

మూడు రోజులు ముట్టుకోకూడదు.
ఎవరి ఆధార్ కార్డు తీస్తున్నా కళ్ళు అటే.
ఒకాయనకి ముందువైపే రెండుసార్లు తీసిచ్చాను.

నాలుగో రోజు నీళ్ళు.
మా వీధికి కొళాయి రోజు మార్చి రోజు.
నూటఇరవై లీటర్లు పరీక్షకి పోస్తానంటే
ఇందుమతి బిందె మీద చెయ్యి తియ్యలా.
చివరికి ఒప్పందం:
రేపు అవే నీళ్ళతో బట్టలుతకాలి, అదీ నేనే.

నీటిమట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీశాను.
తొట్టి కింద నిన్నటి పేపరు పరిచాను.
మొన్న అతుకుని బయటికి తోసిన బరువే
ఇవాళ దాన్ని గోడకి అదిమి పట్టుకుంది.
నీళ్ళు మారలేదు, గాజు మారలేదు.
నేను అటుది ఇటు పెట్టాను, అంతే.

రాత్రి మూడుసార్లు లేచాను.
నాలుగున్నరకి
స్టేషన్లో ఆగని బండేదో పోతుంటే
తొట్టిలో నీళ్ళు సన్నగా వణికాయి.
టార్చి వేశాను. పేపరు మీద తడి.
గుండ్రంగా, సరిగ్గా తూటంత.
గుండె జారి అరికాళ్ళ దాకా వచ్చింది.
వేలు అద్ది నాలిక్కి తగిలించాను.
తియ్యగా ఉంది.
రెండోసారి లేచినప్పుడు
నేనే పెట్టిన టీ గ్లాసు అడుగు.

మంచం మీంచే అడిగింది పెద్దమ్మ, "కారిందా?"
"లేదు."
కాసేపాగి
"మరి చేపలేవిరా?"

చేపల సంగతి
నేనింకా ఆలోచించనే లేదు.