పన్ను మీద పన్ను

పొద్దున్నుంచి నలభై మంది నరాలు వెతికిన చేయి ఇది,
రాత్రి సోల్డరింగ్ ఐరన్ పట్టినా వణకదు.
వణికిందల్లా గుజరాతీ గల్లీలో
హస్‌ముఖ్ భాయ్ కౌంటర్ ముందు,
పర్సులోకి వెళ్ళాక.

మాకు కావలసింది ఒక మైకు.
బియ్యపు నూక కంటే కాస్త పెద్దది.
గబ్బిలాల కీచు మన చెవికి అందదు కదా,
దాన్ని లావు చేసి వినిపించే డబ్బా ఒకటి
ఇందుజా నేనూ మూడు నెలలుగా కడుతున్నాం.
దేనికే అది, అని అత్త అడిగింది.
దేనికీ కాదు, అన్నాను.
మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల మీద
చీకటి పడగానే తిరుగుతాయి, చూస్తూనే ఉంటాం,
ఒట్టిగా వినడానికి.

హస్‌ముఖ్ భాయ్ దగ్గర ఒకప్పుడు
ప్రింటు చేయించిన ధరల పట్టీ ఉండేది, లామినేషన్‌తో సహా.
ఇప్పుడు చెవి మీద పెన్సిలు,
పుస్తకం మడతల్లో రబ్బరు పొట్టు.
"ఉగాది ముందు మూడొందల నలభై ఉండె గదా భాయ్?"
"ఉండె. ఇప్పుడు ఐదొందల ఎనభై."
"డబ్బా అప్పటిదే. మీది దుమ్ము కూడా అప్పటిదే."
నవ్వలేదు, కోప్పడలేదు.
"పాతది పాత ధరకిస్తే, ఆ పైసలతోని
కొత్తది రాదమ్మా.
డబ్బాతో పాటు దుకాణం ఖాళీ అయితది."

బిల్లు తీసి బల్ల మీద పరిచాడు.
మొదట వస్తువు వెల.
దానికి విమానం కిరాయి, బీమా.
ఆ మొత్తం మీద సుంకం.
సుంకం మీద సంక్షేమం పేరున ఇంకొంచెం సుంకం.
అన్నీ కూడగా వచ్చిందాని మీద జీఎస్టీ.
ఉల్లిపాయ ఒలవడం రోజూ చేసే పనే,
పొర మీద పొర తొడగడం
ఇదే చూడటం.

"మన దగ్గరే తయారు కావాలనే గదా భాయ్ ఇదంతా?"
"కావాలె. నేను కాదంటనా?
తీగ మనదే, డబ్బా మనదే,
బోర్డు చర్లపల్లిల గీకిచ్చుకోవచ్చు.
ఈ గింజ మాత్రం నాకు తెలిసి ఇంకా పుట్టలే.
ఆలు లేదు, చూలు లేదు..."
కోఠీలో పుట్టిన గుజరాతీ నోట
ఆ సామెత సగంలో ఆగింది.
ఎవరో కుర్రాడు డ్రోన్ మోటారు అడుగుతున్నాడు.
భాయ్ ముందు రబ్బరు అందుకున్నాడు.

ఆదివారం ఎర్రగడ్డ అంగడికి పోయాం.
ఖాజా మియా గోనె పట్టా మీద
చచ్చిన ఫోన్ల గుట్ట.
నిరుడు నలభైకిచ్చిన బోర్డు ఇప్పుడు తొంభై.
"దీనికేం సుంకం పడ్డది మియా?
ఎవరింట్లనో పారేసిన చెత్త గదా!"
"కొత్తదాని రేటు పెరిగితే అక్కా,
చెత్తకు గూడ ఇజ్జత్ పెరుగుతది."
పారేసినవాళ్ళకు అందులో పైసా రాలేదు,
ప్రభుత్వానికీ రాలేదు.
అయినా నేనిచ్చాను. రెండు తీసుకున్నాను,
ఒకటి కాలిపోతుందని తెలుసు.

కాలిపోయింది.
రెండోదాన్ని ఊపిరి బిగబట్టి లేపాను,
పసిపిల్లకు సూది వేసేటప్పుడు బిగబట్టినట్టు.
ఫోను మైకు గబ్బిలం గొంతు దాకా పోతుందో లేదో
హామీ ఇచ్చేవాళ్ళు లేరు.

మేడ మీద ఏడు దాటింది.
డబ్బా బుస్సుమంది, చాలాసేపు బుస్సుమనే అంది.
తర్వాత టక్.
టక్ టక్, టకటక.
"అమ్మా!" అంది ఇందుజ, నోరంతా తెరిచి.
ఎడమవైపు దానికి పన్ను మీద పన్ను.
క్లిప్పు వేయిద్దామంటే ధర విని అదే వద్దంది.
పన్ను మీద పన్ను అదృష్టమనేది మా అమ్మ,
ఏ పన్నో చెప్పకుండానే పోయింది.

గబ్బిలమేనా? నాకైతే
ఎక్కడో సోల్డర్ వదులైనట్టే అనిపించింది.
అనలేదు.
కిందికొచ్చి ఖర్చుల పుస్తకంలో రాశాను:
మైకులు రెండు, నూట ఎనభై.
పెన్సిల్‌తో.