కాలర్ కింద చీటీ

ఆ ఇంట్ల తెలుగు మాట్లాడే మనిషికి,

నువ్వెవరివో తెల్వదు.
సల్వాలో ఇల్లు అని మాత్రం రిజిస్టర్‌ల ఉంది.
కుక్క పేరు మిష్మిష్, జాతి కాకపూ, వయసు రెండు.
ఆ జాతి పేరు మొదటిసారి విన్నప్పుడు
నాకు కాకీ పువ్వూ గుర్తొచ్చినయి.
రెండూ కాదు. తల్లి కాకర్, తండ్రి పూడిల్,
రంగు మాగిన ఖర్జూరానికి ఒక మెట్టు తక్కువ.

హవల్లిల మా దుకాణం బల్ల మీద వణుకుతుంటే
నోరు జారి "ఆగవే" అన్న.
ఆగింది.
అరబ్బీల చెప్తే వినలే, ఇంగ్లిష్‌ల చెప్తే వినలే.
"కూసో" అన్న. తల పక్కకు వంచింది.
"కూచో" అన్న.
కూచుంది.
మా రూమ్‌ల ఓబులేసు మాట ఒకటి అరువు తెచ్చుకొని
"యాడికి పోతాండావ్ మే" అంటే
తోక ఊపిన ఊపుకు పౌడర్ డబ్బా కింద పడ్డది.
సీమ మనిషివి నువ్వు. అంతవరకు తేలింది.

దీని బొచ్చు రాలదు.
సోఫా మీద వెంట్రుక పడదనే కొన్నది మీ మేడం.
రాలనిది ఏడికి పోతది?
ఉన్న కాడనే ఉండి పక్కదాన్ని పట్టుకుంటది,
అది ఇంకోదాన్ని,
మూడు నెలలకు గొంగడి.
చెవుల వెనక, చంకల కింద, తోక మొదట్ల
వేలు దూరలే నాకు.
రోజూ దువ్వుతున్నవు, తెలుస్తనే ఉంది, పైన పట్టు లెక్క ఉంది.
తోలు దాక పోవాలె దువ్వెన,
పాయ పాయ విడదీసి, పేలు చూసినట్టు.

మా నాయిన అడపం చంకల పెట్టుకొని
కోరుట్లల గడపగడపకు తిరిగినోడు.
ఆయన నేర్పింది ఒక్కటే: ముందు తడుపు, తర్వాత కత్తి.
ఈడ అది తిరగబడ్డది.
చిక్కు మీద నీళ్లు పోస్తే
కొబ్బరిపీచు తాడు లెక్క బిగుసుకుంటది.
ముందు దువ్వు, తర్వాత తడుపు.
ఈ మాట నేర్చుకునే లోపల నాకు మూడుసార్లు జీతం కోసిన్రు.
నీకు ఊరికే ఇస్తున్న.

చెవులు వాలినయి, లోపల గాలాడదు.
తానం అయినంక దూదితోని తుడువు, పుల్ల పెట్టకు.
వాసనొచ్చినా, తల ఊకె విదిలించినా డాక్టర్‌కు చూపియ్యమను.
జూన్‌ల ఎండెక్కినంక బయటికొద్దు.
చెయ్యి తిరగేసి ఫుట్‌పాత్ మీద పెట్టు,
ఏడు లెక్కపెట్టే దాక ఆపలేకపోతే ఇంట్లకు పోండ్రి.
ద్రాక్షపండు ఒక్కటి కూడ వద్దు, ఎండుది అసలే వద్దు.
ఉల్లిగడ్డ కూర కలిపిన అన్నం వద్దు.
పెడ్తలేనని అనకు,
మూతి బొచ్చుకు పసుపుంది.

ఒక్కతే ఉండలేదు ఇది. ముందుకాళ్ల గోర్లు
తలుపుకు గీకి గీకి అరిగినయి.
రెండు నిమిషాలు పోయి రా. తర్వాత ఐదు.
పోయినోళ్లు వస్తరని
దానికి కొంచెం కొంచెం చెప్పాలె.

మెడ కాడ మెషిన్ ఆగింది.
బొచ్చు లోపల నల్లతాడు, ఏడు ముళ్లు.
అన్నిటికన్న మొండి చిక్కు దాని చుట్టే ఉంది,
కింద తోలు గోరంత మేర ఒరుసుకపోయింది.
కోపమొచ్చింది.
ఎవరి దిష్టి తగలొద్దని కట్టినవో అనుకున్న, పోయింది.
తెంపలే. టీ తాగే టైం అంతా పెట్టి
ఒక్కొక్క ముడి విప్పిన.
కాలర్ రింగుకు మళ్ల కట్టిన, ఏడూ వేసిన.
దాని కిందనే ఈ చీటి.

గుండు చూసి మీ మేడం దుకాణానికి ఫోన్ చేసి అరుస్తది.
అరవనియ్యి. మేము పడతం.
నిన్నంటే మాత్రం ఆ ఎర్రమచ్చ చూపించకు,
అది మా కత్తెర మీదికి తోసెయ్యి.

ఆరు వారాలకు మళ్ల పంపుతరు, తెచ్చేది డ్రైవరే.
జవాబు రాయాల్సిన పని లేదు.
ఈ లోపల దానికి "కూసో" నేర్పు.
బల్ల మీద ఆ మాటే అంట.
కూసుంటే
చదివినవనుకుంట.