సున్నా ఒకటి

బ్రెమర్టన్ ఓడల మరమ్మతు యార్డులో
ప్రతి పనికీ నాలుగంకెల పేరుంటుంది.
వెల్డరుకి ఒకటి, పైపులవాళ్లకి ఒకటి,
రంగులేసేవాళ్లకీ తాళ్లు బిగించేవాళ్లకీ చెరొకటి.
ఎందులోనూ ఇమడనివాళ్లకి
చివర సున్నా ఒకటి తగిలిస్తాం.
ఇతరములు అని దానర్థం.
మా అమ్మమ్మ పోపులపెట్టెలో కూడా ఒక గిన్నె ఉండేది:
జాజికాయ ముక్క, ఊడిన బొత్తాం, చెల్లని కాణీ.

ఆ అంకెలు వెయ్యడం నా ఉద్యోగం.

మంగళవారం. తుంపర.
ఇక్కడ దాన్ని వాన కింద లెక్కెయ్యరు.
ఎర్లిండా దకనాయ్ బల్ల మూడో అంతస్తు మూలన,
ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడే.
ఆవిడ అర్జీలో ఉన్నది ఒక్కటే వాక్యం:
"నేను చేసేది ఇందులో లేదు."

నైపుణ్యం, బాధ్యత, ఒంటి శ్రమ, పనిచేసే చోటు.
నా కాగితం మీద నాలుగు గళ్లు.
ఎన్ని పౌన్లు ఎత్తుతారు, అన్నాను.
పట్టకారుతో ఒక మర ఎత్తి చూపించింది,
ఆవగింజకి తమ్ముడు.
"ఇవాళ్టికి ఇదే బరువు.
కింద పడితే నలుగురం మోకాళ్ల మీద వెతకాలి."
శ్రమ స్వల్పం అని రాసి
మోకాళ్లు గుర్తొచ్చి కొట్టేశాను.

నేను చూస్తుండగా
దిక్సూచి కడుపులోంచి ఒక బుడగని బయటికి రప్పించింది.
అచ్చు లేకుండా, కంటి కొలతతో, తోలు వాషరు కోసింది.
ఆవిరి ఒత్తిడి కొలిచే గేజిని చెవికి ఆనించుకుని
"దీనికి ఆయాసం" అంది.
బ్యాండులో వాయించే కుర్రాడెవరిదో క్లారినెట్టు,
మీటకి బెండు అతికించి పక్కన పెట్టి
"ఇది రాయకండి."

సరే. మరి ఆ చెవిని
ఏ గడిలో రాయను?

మా వైపు ఈ చిక్కు లేదు.
పనిని బట్టి పేరు, పేరుని బట్టి వీధి,
వీధిని బట్టి ఏ బావిలో తోడుకోవాలో.
కంచరివాళ్ల పిల్లని నేను.
కొలిమి ఆరి మూడు తరాలైనా
పేరు చల్లారలేదు.
ఇక్కడిది వట్టి జీతం లెక్క, తెలుసు నాకు.
అయినా ఒకరి పనికి పేరు పెట్టేటప్పుడు
కలం కాసేపు నిలబడిపోతుంది.

"మీ కళ్లజోడు వంకరగా ఉంది" అంది ఎర్లిండా.
అడక్కుండానే నా ముక్కు మీంచి తీసేసుకుంది.
అద్దాల్లేకపోతే నాకు మనుషులు మరకలు.
గళ్లన్నీ కలిసిపోయి కాగితం పాలమీగడ.
మిగిలినవి చప్పుళ్లే:
మర తిరగడం, ఉఫ్‌మని ఊదడం,
కిటికీ అవతల క్రేను గంట,
సియాటిల్ ఫెర్రీ ఒక్క కూత.
అంత చిన్న మర బిగుసుకునేటప్పుడు
చివర్లో చేసే కిర్రు
అంతకు ముందెప్పుడూ నేను వినలేదు.

పదకొండో మెట్టుకి సిఫార్సు చేశాను.
ఐదు పేజీల కారణాలు. చెవికి ఒక పేరా.
పై అధికారి హాల్వర్సన్ ఆ పేరాని
"శ్రవణాధారిత లోప నిర్ధారణ" అని దిద్ది ఉంచాడు,
పదో మెట్టు ఇచ్చాడు.
సున్నా ఒకటి కదల్లేదు.

ఉత్తరం నేనే పట్టుకెళ్లాను.
చదివింది. మడిచి తోలుముక్కల డబ్బా కింద పెట్టింది.
గంటకి ఎంత పెరుగుతుందని అడిగింది, చెప్పాను.
"ఎడమ చెవి దగ్గర ఇంకా నొక్కుతోందా?"
లేదన్నాను.

కొంచెం నొక్కుతోంది.